ఇంట్లో అనారోగ్యం ఉన్న ఏడాది హాలోవీన్ ఎలా జరుపుకోవాలి

అక్టోబరు 31 సాయంత్రం పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి క్యాండీ తెచ్చుకునే పండగ హాలోవీన్. అమెరికాలో అక్టోబరు మొదటి వారం దాటిందంటే వీధిలో సగం ఇళ్ల ముందు నురగ అట్టతో చేసిన సమాధి రాళ్లు, పచ్చికలోంచి పైకి లేస్తున్నట్టు పాతిన ప్లాస్టిక్ చేతులు, చెట్ల కొమ్మలకు వేలాడే అస్థిపంజరాలు వెలుస్తాయి. మామూలు రోజుల్లో వీటిని చూసి నవ్వుకుంటూ వెళ్లిపోతాం. 2024లో మావారికి లింఫోమా అనే క్యాన్సర్‌కు కీమోథెరపీ జరుగుతున్నప్పుడు మాత్రం, ఆయనను ఆసుపత్రి నుంచి కారులో తీసుకువచ్చే ప్రతిసారీ, మా వీధి మలుపులో ఒకరు నిలబెట్టిన పన్నెండడుగుల అస్థిపంజరం ఆయన కంట పడకుండా నేను నాలుగు వీధులు చుట్టి ఇల్లు చేరేదాన్ని. మూడోసారి అలా తిప్పినప్పుడు ఆయన కళ్లు తెరవకుండానే, "ఆ ఎముకలాయన్ని నేనెప్పుడో చూశాను, తిన్నగా పోనీ" అన్నారు.

ఇంట్లో ఒకరు పెద్ద జబ్బుతో ఉన్నప్పుడు, పిల్లలు మాత్రం నెల రోజుల ముందు నుంచి వేషాల గురించే మాట్లాడుతున్నప్పుడు, ఈ పండగను ఏం చేయాలో తోచని వారి కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పండగను పూర్తిగా మానేయడం సరికాదు, ఏమీ జరగనట్టు పూర్తిగా చేయబోవడమూ సరికాదు. ఇంటికి ఆ వారం ఎంత ఓపిక ఉంటుందో ముందుగా లెక్క వేసుకుని, ఆ ఓపికకు తగ్గట్టు పండగను కత్తిరించి పిల్లల చేతిలో పెట్టాలి. పెద్దవాళ్లు దాన్ని ఇష్టపడి తీరాలన్న నియమం ఏదీ లేదు. నాకిప్పటికీ ఇది పెద్దగా ఇష్టం లేదు.

ముందుగా మనసుకు నచ్చనిదేమిటో తేల్చుకోవడం

"హాలోవీన్ నాకు పడదు" అని ఊరుకుంటే పని జరగదు. అందులో ఏది పడదో విడదీసి చూసుకోవాలి. కాగితం మీద రాసుకున్నాక నా జాబితాలో మూడే మిగిలాయి: సమాధి రాళ్లు, రక్తం పూసినట్టు కనిపించే ఆసుపత్రి దుస్తుల వేషాలు, గంటకు ఇరవైసార్లు మోగే తలుపు గంట. గుమ్మడికాయల మీద, వేషాల మీద, వీధిలో పిల్లలు గుంపుగా తిరగడం మీద నాకు ఏ కోపమూ లేదని అప్పుడు తెలిసింది. నచ్చని మూడింటినీ మన గుమ్మం దగ్గర ఆపడం సాధ్యమే కనుక, పండగ మొత్తాన్ని ఆపవలసిన పని లేకపోయింది.

ఇండియా నుంచి వచ్చి ఉన్న పెద్దవాళ్లకు ఈ పండగ ఎందుకు పుట్టిందో రెండు ముక్కల్లో చెప్పి ఉంచడం మంచిది, లేకపోతే ఇది వట్టి దయ్యాల పండగగా వారి మనసులో ఉండిపోతుంది. నవంబరు 1న క్రైస్తవులు సకల పవిత్రుల పండగ, 2న చనిపోయిన ఆత్మీయులను తలచుకునే దినం జరుపుకుంటారు. ఆ పవిత్రుల పండగకు ముందు రాత్రిని ఆల్ హాలోస్ ఈవ్ అనేవారు, అదే అరిగి హాలోవీన్ అయింది. అంతకంటే పాతది ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల కెల్టిక్ ప్రజల సావిన్ పండగ. పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే ఆ రోజున చనిపోయినవారికీ బతికినవారికీ మధ్య తెర పలచబడుతుందని వారి నమ్మకం. 1840ల నాటి బంగాళాదుంపల కరువుతో ఐర్లండ్ వదిలి వచ్చినవారు తమ ఆచారాలను అమెరికాకు తెచ్చుకున్నారు. అక్కడ టర్నిప్ దుంపలను తొలిచి దీపం పెట్టినవారికి ఇక్కడ అంతకంటే పెద్దదీ, తొలవడానికి సులువైనదీ అయిన గుమ్మడికాయ దొరికింది. పితృదేవతల కోసం మహాలయ పక్షం పాటించే మన పెద్దలకు ఈ సంగతి చెబితే ఇట్టే అర్థమవుతుంది.

మా అత్తగారికి అర్థమైంది కానీ, ఒప్పుదల కాలేదు. ఆ ఏడాది దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. "లక్ష్మీదేవి అడుగుపెట్టే గుమ్మానికి పుర్రెలు కడతామా అమ్మాయ్, అందులోనూ వాడు ఇలా ఉన్నప్పుడు" అని ఆవిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు, వెతకవలసిన అవసరమూ లేదనిపించింది. పుర్రెలు, ఎముకలు, సమాధులు మా ఇంటికి వద్దని అక్కడితో తీర్మానించుకున్నాం. గుమ్మడికాయ దగ్గరకు వచ్చేసరికి ఆవిడే మెత్తబడ్డారు. కొత్త ఇంటికి బూడిద గుమ్మడికాయ కట్టి దిష్టి తీసే అలవాటున్న మనిషికి, మెట్టు మీద గుడ్లురిమి చూసే కాయను పెట్టడం పరాయి పని అనిపించలేదు. కాయ మెట్ల మీద, ప్రమిదలు గడపకు లోపల అని హద్దు గీసుకున్నాం. ఆ ప్రమిదలు కూడా రెండే వెలిగించాం, మిగిలినవి బ్యాటరీవి, ఎందుకంటే కీమో మొదలైనప్పటి నుంచి నూనె పొగ వాసన వస్తే మావారికి వాంతి వచ్చేది.

క్యాలెండరు చూసి నిర్ణయించడం

పండగకు కనీసం రెండు వారాల ముందు చేయవలసిన పని ఇది. కీమో సాధారణంగా విడతలుగా ఇస్తారు. చాలా రకాల మందుల్లో, మందు ఎక్కించిన తరువాత ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య తెల్ల రక్తకణాలు అట్టడుగుకు పడిపోతాయి. ఆ రోజుల్లో సోకే చిన్న జలుబు కూడా పెద్ద ప్రమాదానికి దారి తీయవచ్చు. మావారికి ఇరవై ఒక్క రోజులకు ఒక విడత. మూడో విడత అక్టోబరు 21, సోమవారం నాడు పడింది. వేళ్ల మీద లెక్కపెడితే 31వ తేదీ సరిగ్గా పదకొండో రోజు. అంటే ఆ సాయంత్రం ఆయన పిల్లల గుంపుకు ఎదురుగా నిలబడి క్యాండీ పంచే ప్రశ్నే లేదు. ఇలా లెక్క కట్టుకుంటే "చూద్దాంలే" అన్న ఊగిసలాట పోయి, నిర్ణయం ఒక తేదీ మీద నిలుస్తుంది. మీ ఇంట్లోని జబ్బు వేరే అయితే లెక్క వేరుగా ఉంటుంది కనుక, ఆంకాలజీ (క్యాన్సర్ విభాగం) నర్సునో, ఆ జబ్బు చూసే నర్సునో నేరుగా ఇలా అడగండి: ఆ రోజున ఇంటికి మనుషులు రావచ్చా, పిల్లలు బయట తిరిగి వచ్చాక ఏం చేయాలి, ఏ లక్షణం కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

ఇంట్లోని మిగతా అందరూ ఫ్లూ టీకా వేయించుకుని ఉండాలి. అమెరికాలో అక్టోబరు నెలాఖరు లోపు వేయించుకోమని ప్రజారోగ్య శాఖ చెబుతుంది, టీకా పని చేయడానికి రెండు వారాలు పడుతుంది, కాబట్టి హాలోవీన్‌ను దృష్టిలో పెట్టుకుంటే అక్టోబరు మధ్యకల్లా ఆ పని అయిపోవాలి. పిల్లలకు ముక్కులో కొట్టే టీకా వేయిస్తామంటే, రోగనిరోధక శక్తి బాగా తగ్గిన మనిషి ఇంట్లో ఉన్నారని ముందే చెప్పండి. అందులో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది కనుక, బదులుగా సూది టీకా వేయమనవచ్చు.

తరువాతి సంగతి, పిల్లలను వీధిలో ఎవరు తిప్పుతారన్నది. దీనికి ఒక్కరిని కాదు, ఇద్దరిని అడిగి పెట్టుకోవాలి. "ఏదైనా సాయం కావాలంటే చెప్పండి" అనే ఇరుగుపొరుగు వారికి నిజంగా చెప్పదగిన పని ఇది. వంట తెచ్చిపెట్టమని అడగడానికి మొహమాటపడే నేను, "31న ఆరు నుంచి ఏడున్నర దాకా మా పిల్లలిద్దరినీ మీ పిల్లలతో తీసుకువెళతారా, ఒకవేళ మేము ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే ఆ రాత్రి మీ ఇంట్లో పడుకోబెట్టుకుంటారా" అని పక్కింటివారిని తేలికగానే అడగగలిగాను. గంటలు చెప్పి, పని చెప్పి అడిగితే ఎదుటివారికీ సుఖంగా ఉంటుంది. పిల్లల రాత్రి బట్టలు, పళ్ల బ్రష్షులు ఒక సంచిలో సర్ది ముందు గదిలో పెట్టి ఉంచాను.

గుమ్మడికాయ, వేషాలు

గుమ్మడికాయను చెక్కడం మానేయండి. ఇది నా ఇష్టాయిష్టాల మాట కాదు. తొలిచిన కాయ లోపల తడి గుజ్జుకు నాలుగైదు రోజుల్లో బూజు పడుతుంది, రక్తకణాలు తగ్గినవారికీ, మూలుగ మార్పిడి అయినవారికీ బూజు నలుసులు ఊపిరితిత్తుల్లో చేరితే ప్రమాదం. కొయ్యని కాయ వారాల తరబడి చెడదు. కళ్లు, పళ్లు నల్ల కాగితంతో కత్తిరించి అంటిస్తే సరిపోతుంది. కత్తి జారి అరచేయి తెగడం కూడా ప్రతి అక్టోబరులో ఎమర్జెన్సీ గదులకు మామూలే, ఇప్పటికే ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న ఇంటికి ఆ అదనపు ప్రయాణం దేనికి? కాయ మట్టి అంటుకుని వస్తుంది కనుక బయటే కడిగి బయటే ఉంచాలి. మా పదకొండేళ్ల అమ్మాయి పాత పళ్ల బ్రష్షుతో కాయ గాళ్లలో ఇరుక్కున్న మట్టిని తోముతూ, కిటికీ అద్దం వైపు తిప్పి చూపిస్తే, లోపలి నుంచి వాళ్ల నాన్న కనుబొమలు ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారు. కీమోతో ఆయన కనుబొమలు అప్పటికి రాలిపోయాయి. ఆ కాయకు మాత్రం దట్టమైనవి రెండు కుదిరాయి.

వేషాలకు ఈ ఏడాది డబ్బు, సమయం పెట్టనక్కర్లేదు. ఇంట్లో ఉన్న బట్టలతోనే అయ్యే వేషం ఏదైనా మంచిదే. చూసుకోవలసినవి కొన్నే ఉన్నాయి: నేల మీద జీరాడే బట్ట ఉండకూడదు, కంటికి అడ్డం పడే ముసుగు కంటే ముఖానికి వేసే రంగు మేలు, కొనే దుస్తుల మీద నిప్పంటుకోని రకమన్న చీటీ ఉండాలి. రంగురంగుల కాంటాక్టు లెన్సులు అడిగితే ఒప్పుకోకండి, డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మడం అమెరికాలో చట్టవిరుద్ధం, కంటి పొర గీసుకుపోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. వేషంలో భాగమైన ప్లాస్టిక్ ముసుగు రోగక్రిములను ఆపదన్న సంగతి పిల్లలకు వేరుగా చెప్పాలి.

కష్టమైన ప్రశ్న మా ఆరేళ్ల అబ్బాయి దగ్గర నుంచి వచ్చింది. వాడికి చీకట్లో మెరిసే అస్థిపంజరం వేషం కావాలి. ఏడాది క్రితం అయితే మాట్లాడకుండా కొనిచ్చేదాన్ని. ఇప్పుడు వాడిని ఎలా ఆపాలో ఆలోచిస్తూ నేను నసుగుతుంటే, వాడు నేరుగా వాళ్ల నాన్న మంచం దగ్గరకు వెళ్లి, "నాన్నా, నేను ఎముకల వేషం వేస్తే నీకు బాధగా ఉంటుందా?" అని అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి, "ఎముకల్లోనేరా నా మందు పని చేసేది. డాక్టరుగారు రక్తం తయారయ్యేది అక్కడే అన్నారు. నువ్వు గట్టి ఎముకల వాడివి అవ్వు" అన్నారు. ఈ విషయంలో నేను నేర్చుకున్నది ఒక్కటే: చావును తలపించే వేషాల గురించి జబ్బుపడిన మనిషి తరఫున మనం ఊహించుకుని నిషేధాలు పెట్టకూడదు, ఆయననే అడగాలి. వద్దంటే వద్దు. పరవాలేదంటే మన ఇబ్బందిని మనమే దిగమింగుకోవాలి. అయితే ఇంట్లో ఇటీవల ఎవరైనా పోయి ఉంటే ఈ మాట వర్తించదు, ఆ ఏడాది పిల్లలకు జంతువుల వేషాలో, పువ్వుల వేషాలో వేయించడం అందరికీ తేలిక.

ఆ సాయంత్రం

అమెరికా వీధుల్లో ఒక రాయని ఒప్పందం ఉంది. గుమ్మం ముందు దీపం వెలుగుతుంటే ఆ ఇంటికి పిల్లలు రావచ్చు, ఆర్పి ఉంటే రాకూడదు. కాబట్టి రోగి నిద్రకు భంగం కలగకూడదనుకుంటే దీపం ఆర్పేయడమే మర్యాదైన మార్గం, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఆర్పడం మనసుకు కష్టంగా ఉంటే మధ్యేమార్గం ఉంది. డ్రైవ్‌వే చివర చిన్న బల్ల వేసి, క్యాండీని ఒక్కొక్కటిగా విడిగా పరిచి, "తలుపు గంట కొట్టవద్దు, ఒకటి తీసుకోండి" అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టడం. గిన్నెలో పోసి పెడితే అందరి చేతులూ అందులో దూరతాయి, పైగా మొదట వచ్చిన పెద్ద పిల్లల గుంపు గిన్నెను బోర్లించుకుపోతుంది. తలుపు గంటకు బ్యాటరీ ఉంటే తీసేయండి, లేకపోతే బటన్ మీద టేపు అంటించండి. కుక్క ఉంటే వెనుక గదిలో ఉంచండి.

మావారి కుర్చీని ముందు గది కిటికీ దగ్గరకు జరిపాం. గాజు ఇవతల నుంచి ఆయన వచ్చినవారిని లెక్కపెడుతూ, ఏ వేషం ఎన్నిసార్లు వచ్చిందో మా అత్తగారికి చెబుతుంటే, ఆవిడ వత్తులు చేస్తూ వింటున్నారు. బయటివారికి ఆయన టోపీ, చెయ్యి మాత్రమే కనిపించేవి. చాలామంది పిల్లలు ఆయనను కూడా అలంకారంలో భాగమే అనుకుని ఉంటారు.

ఇంట్లో మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దవాళ్లుంటే కిటికీ దగ్గర కూర్చోబెట్టకండి. ముసుగు ముఖాలు, మాటిమాటికీ మోగే గంట, మసక వెలుతురులో కదిలే బొమ్మలు వారికి నిజమైన భయాన్ని కలిగిస్తాయి. తెరలు వేసి, లోపలి దీపాలన్నీ వెలిగించి, రోజూ వినే పాటలు పెట్టి, ఒకరు పక్కన ఉండాలి. మూర్ఛ ఉన్నవారిలో కొందరికి మిణుకుమిణుకుమనే స్ట్రోబ్ దీపాలు, ఉబ్బసం ఉన్నవారికి పొగ యంత్రాలు సరిపడవు, అలాంటి అలంకరణలున్న ఇళ్లను పిల్లలను తీసుకువెళ్లేవారికి ముందే చెప్పి తప్పించాలి.

వీధిలో భయపడవలసింది దయ్యాలకు కాదు, కార్లకు. 1975 నుంచి 2016 వరకు అమెరికా రోడ్డు ప్రమాదాల లెక్కలు చూసిన పరిశోధకులు, హాలోవీన్ సాయంత్రాలలో పాదచారుల మరణాలు ఆ చుట్టుపక్కల వారాల సాయంత్రాల కంటే 43 శాతం ఎక్కువని తేల్చారు. పిల్లల బుట్టల మీద, వీపు మీద మెరిసే టేపు అంటించండి, టార్చిలైటు ఇవ్వండి, రెండు వైపులా దూకకుండా వీధికి ఒక వైపే పూర్తి చేసుకుని రమ్మనండి. తిరిగి వచ్చాక వేషం గ్యారేజీలోనే విప్పించి, చేతులు, ముఖం సబ్బుతో కడిగించి, బట్టలు మార్చాకే నాన్న గదిలోకి పంపాలి.

జబ్బు పిల్లలకే అయినప్పుడు

ఇది వేరే వ్యవహారం. పెద్దవారికి జబ్బు చేస్తే పిల్లల పండగను కాపాడాలని చూస్తాం, పిల్లలకే జబ్బు చేస్తే పండగే ఒక ప్రమాదంలా కనిపిస్తుంది. అయినా ఆహార ఎలర్జీ ఉన్న పిల్లలకు ఒక మంచి ఏర్పాటు జరిగింది. నీలం, ఆకుపచ్చ కలిసిన టీల్ రంగు గుమ్మడికాయ గుమ్మం ముందు కనిపిస్తే, ఆ ఇంట్లో తినేవి కాక పెన్సిళ్లు, స్టిక్కర్లు, చిన్న బొమ్మలు కూడా ఇస్తారని అర్థం. 2014లో ఫుడ్ ఎలర్జీ రిసెర్చ్ అండ్ ఎడ్యుకేషన్ అనే సంస్థ దీన్ని దేశమంతటా ప్రచారం చేసింది. మీకు ఎలర్జీ పిల్లలు లేకపోయినా డ్రైవ్‌వే బల్ల మీద ఒక పక్కన పెన్సిళ్లు పెట్టడం ఖర్చులేని మర్యాద. ఎలర్జీ ఉన్న పిల్లల వెంట ఎపిపెన్ (ఎలర్జీ ముదిరితే వెంటనే పొడిచే మందు సూది) వెళ్లాలి, దారిలో ఏదీ తినకుండా ఇంటికి తెచ్చాకే పరిశీలించి తినాలి. చిన్న సైజు క్యాండీలో వాడే పదార్థాలు పెద్ద సైజులో వాడేవాటితో ఒక్కోసారి సరిపోవు కనుక, తెలిసిన పేరే కదా అని వదిలేయకూడదు.

టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలు క్యాండీ తినకూడదనుకోవడం పెద్దల్లో బలంగా పాతుకుపోయిన అపోహ. పిండి పదార్థం ఎంతో లెక్క కట్టి దానికి తగ్గ ఇన్సులిన్ ఇస్తే వారూ తినవచ్చు. చిక్కేమిటంటే, చిన్న పొట్లాల మీద ఆ లెక్క చాలాసార్లు ఉండదు, పెద్ద సంచి మీదే ఉంటుంది. కాబట్టి మీరు కొన్న సంచుల మీది పట్టికను ఫోటో తీసి పెట్టుకోండి. ఆ రాత్రి చాలాసేపు నడుస్తారు కనుక చక్కెర పడిపోయే అవకాశమూ ఉంది. పడిపోయినప్పుడు చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. 15 గ్రాముల పిండి పదార్థం ఉన్న పళ్లరసమో, నమిలే చక్కెర బిళ్లలో ఇచ్చి, 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించాలి.

క్యాండీ కుప్ప ముందు కూర్చున్నప్పుడు

ముక్కూ మొహం తెలియని వాళ్లు క్యాండీలో విషం కలుపుతారన్న భయం ప్రతి ఏటా వాట్సాప్‌లో తిరుగుతుంది. జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త 1958 నుంచి వచ్చిన వార్తలన్నీ వెతికి, పరిచయం లేనివారు ఇలా పంచిన విషం వల్ల ఒక పిల్లవాడు చనిపోయిన సందర్భం కూడా రుజువు కాలేదని తేల్చారు. అందరూ చెప్పుకునే 1974 నాటి టెక్సస్ ఉదంతంలో సయనైడ్ కలిపినది బీమా డబ్బు కోసం ఆశపడ్డ కన్నతండ్రి. కాబట్టి చిరిగిన పొట్లాలు, ఇంట్లో చేసి చుట్టినవి పక్కన పడేస్తే చాలు.

నిజమైన ప్రమాదం మన ఇంట్లోనే ఉంటుంది. జబ్బు ఉన్న ఇంట్లో బల్లల నిండా మాత్రలు. వాంతులు ఆపేవి, నొప్పివి, నిద్రవి, గులాబీ రంగువి, పసుపు రంగువి. పక్కనే నేల మీద అదే రంగుల్లో క్యాండీ పరుచుకుని ఇద్దరు పిల్లలు. మా వంటగట్టు మీద వారం మాత్రల డబ్బా పక్కన రంగు బిళ్లల పొట్లం ఒకటి తెరిచి ఉండటం చూసి నా గుండె ఝల్లుమంది. ఆ సాయంత్రం మొదలయ్యేలోపు మందులన్నీ తాళం వేసే పెట్టెలోకో, పిల్లలకు అందని అలమారలోకో చేర్చండి. అమెరికా అంతటా పనిచేసే విష సమాచార కేంద్రం నంబరు 1-800-222-1222 ఫ్రిజ్ మీద అంటించి ఉంచండి, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు. పెద్దవాళ్లకు ఒక హెచ్చరిక: నల్ల లికోరిస్ (అతిమధురంతో చేసే క్యాండీ) అతిగా తినవద్దు. నలభై దాటినవారు రోజుకు రెండు ఔన్సుల చొప్పున రెండు వారాలు తింటే గుండె లయ తప్పవచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. గుండె మందులు వాడేవారు దాని జోలికే పోకపోవడం మంచిది. కుక్కకు చాక్లెట్టూ, చక్కెరకు బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం వేసిన బిళ్లలూ విషం.

నిమ్మ రుచి ఉన్న గట్టి బిళ్లలను మాత్రం పిల్లల దగ్గర అడిగి పక్కన పెట్టుకోండి. కీమోలో ఉన్నవారికి నోరంతా ఇనుప రుచిగా ఉన్నప్పుడు, నోట్లో పుండ్లు లేకపోతే, అవి హాయినిస్తాయి. నాన్నకు పనికొచ్చేది తమ బుట్టలోనే ఉందని తెలిస్తే పిల్లలు ఏరడంలో చూపే శ్రద్ధ చూడవలసిందే.

జ్వరం వస్తే

వేసుకున్న ఏర్పాటు పక్కకు పోవచ్చు, మాకూ పోయింది. ఎనిమిదీ నలభైకి మావారు చలిగా ఉందన్నారు. థర్మామీటరు 100.6 చూపించింది. కీమోలో ఉన్నవారికి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే తెల్లవారనిద్దాం అనుకోకూడదు, వెంటనే ఫోన్ చేయాలి. ఫోన్ చేసి అడగకముందే టైలెనాల్ (పారాసిటమాల్) వేయకూడదు, జ్వరం దాగిపోతుంది. ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే మొదటి వాక్యంగా "కీమో జరుగుతోంది, జ్వరం వచ్చింది" అని చెప్పాలి, వరుసలో కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకువెళ్లి, రక్తం పరీక్షకు తీసి, యాంటీబయాటిక్ త్వరగా మొదలుపెడతారు. పిల్లలు సర్ది ఉంచిన సంచితో పక్కింటికి వెళ్లారు. అబ్బాయి ఇంకా మెరిసే ఎముకల చొక్కాలోనే ఉన్నాడు.

ఆ రాత్రి మావారి చేతికి సూది గుచ్చిన నర్సు తల మీద నల్ల పిల్లి చెవులున్న పట్టీ పెట్టుకుని ఉంది. వంగినప్పుడల్లా ఒక చెవి కిందికి జారుతుంటే ఆవిడ మోచేత్తో పైకి తోసుకునేది. ఆసుపత్రిలో ఈ వేషాలేమిటని చిరాకు పడవలసిన సమయంలో నాకు ఎందుకో ఆ చెవుల వల్ల ఊపిరి ఆడింది. మీకు చిరాకే కలిగితే అదీ సబబే, పట్టీ తీసేయమని అడిగితే వారు ఏమీ అనుకోరు.

ఇలాంటి రాత్రి పిల్లలకు ఫోన్‌లో చెప్పవలసింది నిజమే, కానీ కొద్దిగా: నాన్నకు జ్వరం వచ్చింది, మందు ఎక్కిస్తున్నారు, రేపు పొద్దున మళ్లీ ఫోన్ చేస్తాను. పండగకు తిరగడం వల్లే నాన్నకు జ్వరం వచ్చిందని వారు అనుకునే ప్రమాదం ఉంది, కాబట్టి రక్తకణాలు తగ్గిన రోజుల్లో జ్వరం చాలాసార్లు మన ఒంట్లో ఉండే క్రిముల వల్లే వస్తుందని, అది ఎవరి తప్పూ కాదని అడగకపోయినా చెప్పాలి. మా అమ్మాయి అడగలేదు. చెప్పాక మాత్రం చాలాసేపు ఏడ్చింది.

ఆదివారం, నవంబరు 3న, గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పిన రోజు మధ్యాహ్నం మేము ఇంటికి వచ్చాం. నిమ్మ బిళ్లలు ఒక స్టీలు గిన్నెలో మంచం పక్కన సిద్ధంగా ఉన్నాయి, పదిహేడు. అలంకరణలు తీసేటప్పుడు కాయకు అంటించిన కాగితాలు, టేపు ఒలిచేసి, ఆకులు, కొమ్మలు వేసే పచ్చ డబ్బాలో పడేయాలి, రంగు పూసిన కాయైతే మామూలు చెత్తలో వేయాలి. మా అత్తగారు ఆ కాయతో కొడుక్కి దిష్టి తీసి నాలుగు రోడ్ల కూడలిలో పగలగొడతానన్నారు. రోడ్డు మీద పగలగొడితే ఊరుకోరని, బయటి కాయను లోపలికి తేకూడదని నేను రెండు అడ్డంకులు చెప్పాను. ఆవిడ ఆలోచించి వెనుక వైపు అద్దం తలుపు దగ్గరకు వెళ్లారు. ఇవతల ఉన్ని టోపీతో ఆయనను నిలబెట్టి, తలుపు మూయించి, అవతల నిలబడి దట్టమైన కనుబొమల ఆ కాయను రెండు చేతులా ఎత్తి మూడుసార్లు తిప్పారు. తరువాత కనుబొమలు ఒలిచి మనవడి చేతిలో పెట్టి, కాయను పచ్చ డబ్బాలో పడేసి, తోట కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చారు.